ఆరు అక్షరాల్లో చెయ్యి పట్టుకోవడం

మా మేనకోడలు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. గిటార్ కూడా నేర్చుకుంటోంది. కాలేజీ యాన్యువల్ డేలో ఇంగ్లండ్ బృందం బీటిల్స్ పాట 'ఐ వాంట్ టు హోల్డ్ యోర్ హ్యాండ్' తెలుగులో పాడాలని దాని పట్టుదల. "ట్యూన్ అదే మావయ్యా, నువ్వు ఊరికే మాటలు మార్చిపెట్టు, పది నిమిషాల పని" అంది. సరేనన్నాను. ఒక్క లైనుకే పదకొండు రోజులు పట్టింది.

ముందు అందరూ చేసే పనే చేశాను. అర్థం రాసుకున్నాను: "నీ చేతిని పట్టుకోవాలనుంది." బాగానే ఉంది కదా అనుకుని వేళ్లు మడిచి లెక్కపెట్టాను. పదకొండు అక్షరాలు. ట్యూన్‌లో చోటు ఆరింటికే ఉంది. మిగతా అయిదింటిని ఎక్కడ కుక్కాలి? వేగంగా పాడేద్దామంటే బస్సు కదులుతుంటే ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నట్టు ఉంది.

ఈ తిప్పలు నాకొక్కడికే కాదు, ఆ పాట కట్టినవాళ్లకీ వచ్చాయి. బీటిల్స్ ఇదే పాటని వేరే భాషలో స్వయంగా పాడారు. మనకి అంతగా తెలియని ఆ కథ చూస్తే, పాటకి భాష మార్చడంలో చిక్కంతా ఎక్కడుందో అర్థమవుతుంది.

1964 జనవరిలో బీటిల్స్ పారిస్‌లో ఉన్నారు. ఒలింపియా థియేటర్‌లో దాదాపు మూడు వారాల ప్రోగ్రాములు. ఈ పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లిందన్న కబురు వాళ్లకి అందింది అక్కడే. అంతలో వాళ్ల రికార్డు కంపెనీ ఈఎంఐకి జర్మనీలో ఉన్న శాఖ ఎలెక్ట్రోలా ఒక మెలిక పెట్టింది. జర్మన్‌లో పాడితే తప్ప మా దేశంలో రికార్డులు పెద్ద సంఖ్యలో అమ్ముడుపోవు అంది. నిర్మాత జార్జ్ మార్టిన్‌కి ఆ వాదన పూర్తిగా నచ్చలేదు, అయినా ఒప్పుకున్నాడు. కుర్రాళ్లకైతే అసలు ఇష్టం లేదు. జనవరి 29న పారిస్‌లోని పాథే మార్కోనీ స్టూడియో బుక్ చేసి మార్టిన్ ఎదురుచూస్తుంటే వీళ్లు రాలేదు. హోటల్‌కి వెళ్లి చూస్తే తీరిగ్గా టీ తాగుతున్నారట. ఆయన అరిచిన అరుపులకి లేచి స్టూడియోకి వచ్చారు.

స్టూడియోలో ఇంకో తమాషా. 'ఐ వాంట్ టు హోల్డ్ యోర్ హ్యాండ్' నాలుగు ట్రాకుల టేపు మీద రికార్డయింది కాబట్టి వాద్యాలు విడిగా ఉన్నాయి. వాటి మీద జర్మన్ మాటలు పాడితే సరిపోయింది, మన కరావోకే లాగా. రెండో పాట 'షీ లవ్స్ యూ'కి ఆ సుఖం లేదు. అది రెండు ట్రాకుల మీద చేసింది, పైగా ఆ టేపు చెరిపేశారు. కాబట్టి గిటార్లు, డ్రమ్ములతో సహా మొత్తం మళ్లీ వాయించాల్సి వచ్చింది. అలా చూస్తే మొదటిది పాత బొమ్మకి కొత్త రంగు, రెండోది కొత్త బొమ్మే. అదే రోజు మిగిలిన టైములో 'కాంట్ బై మీ లవ్' అనే కొత్త పాట కూడా రికార్డు చేసేశారు. అది అసలు ఇంగ్లిష్‌దే, కాబట్టి హుషారుగా చేసి ఉంటారు.

జర్మన్ మాటలు రాసింది కమిల్లో ఫెల్గెన్. లక్సెంబర్గ్ మనిషి, అక్కడి రేడియోలో జర్మన్ ప్రోగ్రాముల అనౌన్సర్, గాయకుడు. తన దేశం తరఫున రెండుసార్లు, 1960లో, 1962లో, యూరప్ దేశాల మధ్య జరిగే పాటల పోటీ యూరోవిజన్‌లో పాడాడు. ఈ పాటలకి మాత్రం వేరే పేరు పెట్టుకున్నాడు. సొంత పేరు ఎందుకు పెట్టలేదో గానీ, రేడియోలో పేరున్న మనిషికి ఈ పని మీద కాస్త మొహమాటం ఉండి ఉంటుందని నా అనుమానం. పాడేటప్పుడు ఉచ్చారణ సరిచెయ్యడానికి పక్కనే నిలబడ్డాడు. బీటిల్స్‌కి జర్మన్ మరీ కొత్త కాదు. అంతకుముందు హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు రాత్రుళ్లు వాయించినవాళ్లు. భాష రాకపోయినా దాని చప్పుడు చెవిలో ఉంది.

ఇప్పుడు ఆ ఒక్క లైను సంగతి చూద్దాం.

ఇంగ్లిష్‌లో: ఐ - వాంట్ - టు - హోల్డ్ - యోర్ - హ్యాండ్. ఆరు. తేలిక, బరువు, తేలిక, బరువు, తేలిక, బరువు. చివరి 'హ్యాండ్' దగ్గర గొంతు ఉన్నట్టుండి పై స్థాయికి ఎగురుతుంది. పాట విన్నవాళ్లకి ముందు గుర్తొచ్చేది ఆ ఎగరడమే.

దీన్ని జర్మన్‌లోకి మక్కికి మక్కి దించితే 'ఇష్ విల్ డైనె హాండ్ హాల్టెన్' అవుతుంది. 'నేను, కావాలి, నీ, చెయ్యి, పట్టుకోవడం' అనే వరస. మనలాగే జర్మన్ కూడా ఇలాంటి చోట క్రియని తోకలో పెడుతుంది. దాంతో రెండు నష్టాలు. ఒకటి, అక్షరాలు ఏడయ్యాయి. రెండోది ఇంకా పెద్దది. పైకి ఎగరాల్సిన చోట 'హాండ్' బదులు 'హాల్టెన్' చివర ఉన్న '-టెన్' వచ్చి పడింది. అది జర్మన్‌లో నోట్లోనే మింగేసే అక్షరం. దాన్ని పట్టుకుని పై స్థాయికి ఎగరడమంటే తడిసిన సబ్బు పట్టుకుని తాడెక్కినట్టే.

ఫెల్గెన్ అందుకే అర్థాన్ని కొంచెం పక్కకి జరిపాడు: 'కొమ్, గిబ్ మీర్ డైనె హాండ్'. 'రా, నీ చెయ్యి నాకివ్వు' అని. కొమ్ - గిబ్ - మీర్ - డై - నె - హాండ్. ఆరుకి ఆరు. బరువు పడాల్సిన రెండు, నాలుగు, ఆరు స్థానాల్లో బరువే పడింది. చివర్లో 'హాండ్' మళ్లీ తన కుర్చీలో కూర్చుంది. ఆజ్ఞార్థకంలో క్రియ ముందుకొస్తుంది కాబట్టి చెయ్యికి చివర చోటు దొరికింది. కానీ దీనికి ఒక ఖరీదు ఉంది. ఇంగ్లిష్‌లో అబ్బాయి తన కోరిక చెప్పుకుంటున్నాడు, అదీ కొంచెం సిగ్గుపడుతూ. జర్మన్‌లో అబ్బాయి రా, ఇవ్వు అంటున్నాడు. పాటలో మనిషే మారిపోయాడు. ఫెల్గెన్ మనసు మార్చుకుని కాదు, వ్యాకరణం అలా తోసింది కాబట్టి.

నాకు అన్నిటికంటే నచ్చింది ప్రాస దగ్గర ఆయన చేసిన పని. ఇంగ్లిష్‌లో 'హ్యాండ్'కి జోడీ 'అండర్‌స్టాండ్', నీకు అర్థమవుతుందనుకుంటా అని. జర్మన్‌లో ఫెల్గెన్ వేసిన మాట 'ఫెర్‌ష్టాండ్'. అంటే బుద్ధి, మతి. 'నా మతి పోగొడుతున్నావు' అనే లైనులో వస్తుంది. అర్థానికి అర్థం ఎక్కడా కలవదు, కానీ 'స్టాండ్' అనే చప్పుడు పాత చోటనే ఉంది. ఇంగ్లిష్ పాట బాగా తెలిసినవాడు జర్మన్‌ది వింటే చెవికి ఎక్కడా గతుకు తగలదు. ఆ తర్వాత ఒక వజ్రం కూడా వచ్చింది. నువ్వు వజ్రమంత అందంగా ఉన్నావు అని. అసలు పాటలో వజ్రమూ లేదు, రాయీ లేదు. జర్మన్‌లో 'హాండ్' చివరి డ-కారం పలికేటప్పుడు ట-కారమవుతుంది, 'హాంట్' అని. అప్పుడు దానికి 'డియమాంట్' చక్కగా ప్రాస కుదురుతుంది. వజ్రం వచ్చింది అమ్మాయి కోసం కాదు, ఆ ట-కారం కోసం.

రెండో పాటలో ఇంత శ్రమ పడలేదు. 'షీ లవ్స్ యూ' మూడక్షరాలు, 'జీ లీబ్ట్ డిష్' మూడక్షరాలు, అర్థం కూడా అదే. తర్వాత వచ్చే 'యే యే యే'ని అలాగే ఉంచేశారు. దానికి తర్జుమా ఏముంటుంది.

పాటల అనువాదాన్ని చదువుగా చదివినవాళ్లున్నారు. న్యూజిలాండ్‌కి చెందిన పీటర్ లో దీన్ని అయిదు ఆటల పోటీ పెంటథ్లాన్‌తో పోలుస్తాడు. పాడటానికి వీలు, అర్థం, మాట సహజంగా ఉండటం, లయ, ప్రాస. ఇవీ ఆ అయిదు. పెంటథ్లాన్‌లో అన్ని ఆటల్లోనూ ఫస్ట్ రానక్కర్లేదు, మొత్తం మార్కులే లెక్క. అర్థంలో వందకి వంద తెచ్చుకుని పాడటానికి వీల్లేని పాట రాసినవాడు ఓడిపోయినట్టే. ఆ లెక్కన ఫెల్గెన్ అర్థంలో బాగా పోగొట్టుకున్నాడు, లయలో, ప్రాసలో, పాడటంలో దులిపేశాడు. నేనైతే పాస్ చేస్తాను.

ఇంతా చేస్తే ఏమయింది? ఇంగ్లిష్ రికార్డే జర్మనీలో నంబర్ వన్ అయింది. ఎలెక్ట్రోలా భయం ఉత్తదేనని అక్కడి కుర్రకారు తేల్చేశారు. బీటిల్స్ మళ్లీ ఆ పని చెయ్యలేదు. మిగతావాళ్లు మాత్రం మానలేదు. పెటులా క్లార్క్ 'డౌన్‌టౌన్'ని ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్ భాషల్లో పాడింది. 1980లో స్వీడన్ బృందం ఆబా తమ హిట్లని స్పానిష్‌లో పాడి ఏకంగా ఆల్బమే వేసింది.

పాడేవాళ్లకి భాష రాకపోతే ఎలా అన్నది మనకి కొత్త ప్రశ్న కాదు. తెలుగు రాని గాయకులు మాటలని దేవనాగరిలో రాసుకుని పాడితే మనం వింటూనే ఉన్నాం కదా. 'ళ' వచ్చిన చోటల్లా 'ల' అవుతుంది, మనం ముందు నవ్వుకుంటాం, పాట హిట్టయ్యాక అదే ముద్దుగా ఉందంటాం.

ఇంతవరకూ చెప్పుకున్నది అర్థం కొంచెం పక్కకి జరగడం. కొన్ని పాటల్లో అర్థం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతుంది, ట్యూన్ ఒక్కటే మిగులుతుంది.

బెల్జియం గాయకుడు జాక్ బ్రెల్ 1961లో ఫ్రెంచ్‌లో ఒక పాట పాడాడు. పేరుకి అర్థం 'చావబోతున్నవాడు'. ఆ మనిషి మంచం మీద నుంచి ఒక్కొక్కరికీ వీడ్కోలు చెబుతాడు. స్నేహితుడికి చెబుతాడు, పూజారికి చెబుతాడు, తన భార్యతో సంబంధం పెట్టుకున్న ఆంట్వాన్‌కీ చెబుతాడు. నన్ను గోతిలో పెట్టేటప్పుడు నవ్వండి, డాన్సులు చెయ్యండి అంటాడు. ఎత్తిపొడుపంతా అందులోనే ఉంది. దీన్ని అమెరికా కవి రాడ్ మెక్యూన్ 'సీజన్స్ ఇన్ ద సన్' పేరుతో ఇంగ్లిష్‌లో రాశాడు. 1974లో కెనడా గాయకుడు టెర్రీ జాక్స్ పాడి అమెరికాలో మొదటి స్థానానికి తీసుకెళ్లాడు. అందులో ఆంట్వాన్ లేడు, ఎత్తిపొడుపూ లేదు. ఎండలో ఆడుకున్న రోజులు తల్చుకుని కంటతడి పెట్టే పాట అయింది. బ్రెల్ అభిమానులకి ఇది అపచారం. నాకు ఇంగ్లిష్‌దే ముందు పరిచయం, అదంటే ఇష్టమే. కానీ ఫ్రెంచ్‌ది విన్నాక దాన్ని మునుపటిలా వినలేకపోతున్నాను.

ఫ్రాంక్ సినాట్రా 'మై వే' కథ చాలామందికి తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో. 1967లో క్లోద్ ఫ్రాన్స్వా పాడిన ఫ్రెంచ్ పాట అది, 'ఎప్పటిలాగే' అని దాని పేరు. ప్రేమ చల్లారిపోయిన ఒక జంట రోజువారీ బతుకు. దాని హక్కులు సంపాదించి పాల్ ఆంకా పూర్తిగా కొత్త మాటలు రాశాడు, 1968 డిసెంబర్ 30న సినాట్రా రికార్డు చేశాడు. ఎప్పటిలాగే బతికానని ఏడ్చినవాడి ట్యూన్ మీద నాకు నచ్చినట్టు బతికానని ఒకడు ఛాతీ విరుచుకున్నాడు. అంతకుముందే అదే ట్యూన్‌కి డేవిడ్ బోవీ అనే కుర్రాడు ఇంగ్లిష్ మాటలు రాశాడు, అవి తీసుకోలేదు. ఆ కసి 1971లో 'లైఫ్ ఆన్ మార్స్?'గా బయటికొచ్చింది. ఆల్బమ్ అట్ట మీద ఆ పాట పక్కన, ఫ్రాంకీ ప్రేరణతో అని రాసుకున్నాడు.

అన్నిటికన్నా విచిత్రం జపాన్ పాటది. క్యూ సకమోతో 1961లో పాడాడు. కన్నీళ్లు కిందికి జారకుండా తల పైకెత్తి నడుస్తాను అనే పాట. రాసింది రోకుసుకే ఎయ్. అమెరికాతో భద్రతా ఒప్పందం వద్దంటూ 1960లో జపాన్‌లో జరిగిన ఆందోళనలు ఫలించకపోయేసరికి కలిగిన నిరాశలోంచి పుట్టిన మాటలవి. వినేటప్పుడు ఆ సంగతి తెలియదు, ఎవరో ప్రేమలో దెబ్బతిన్నాడనే అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఒక రికార్డు కంపెనీ వాళ్లకి జపాన్ పేరు నోరు తిరగలేదు. 'సుకియాకీ' అని పెట్టేశారు. అది మాంసంతో వండే ఒక కూర పేరు. మన విషాద గీతం ఒకదానికి విదేశంలో 'గుత్తి వంకాయ' అని పేరు పెట్టి అమ్మితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ పేరుతోనే, జపనీస్ మాటలతోనే, 1963 జూన్‌లో ఈ పాట అమెరికాలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. అమెరికా ఒప్పందం మీద దుఃఖంతో పుట్టిన పాటని అమెరికా నెత్తిన పెట్టుకుంది, ఒక్క ముక్క అర్థం కాకుండా. 1981లో ఎ టేస్ట్ ఆఫ్ హనీ బృందం ఇంగ్లిష్‌లో పాడేటప్పటికి అది పూర్తిగా పోయిన ప్రేమ పాట అయిపోయింది.

ఇదంతా విని మా మేనకోడలు అడిగింది: "అయితే నేను పాడాక యూట్యూబ్‌లో పెట్టుకోవచ్చా?"

ఇక్కడ చట్టం చాలామంది అనుకునేదానికి భిన్నంగా ఉంటుంది. ఇంకొకరి పాటని అదే భాషలో, అవే మాటలతో మళ్లీ పాడేవాళ్లకి, అంటే కవర్ చేసేవాళ్లకి, చట్టం ఒక దారి ఇచ్చింది. అమెరికాలో కాపీరైట్ చట్టం సెక్షన్ 115 కింద, పాట ఒకసారి మార్కెట్లోకి వచ్చాక, నిర్ణయించిన రాయల్టీ కట్టి ఎవరైనా తమ పద్ధతిలో పాడి రికార్డు వెయ్యొచ్చు. కానీ పాట మౌలిక స్వరూపం మార్చకూడదు. మన దేశంలో 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 31సి ఇంకా బిగువు. మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు ఆగాలి, ముందే నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ కట్టాలి. సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప మాటల్లో, బాణీలో మార్పులు చెయ్యకూడదు.

భాష మార్చడమంటే మాటలన్నీ మార్చడమే కదా. అందుకని ఆ దారి అక్కడే మూసుకుపోతుంది. అనువాద హక్కు పూర్తిగా పాట హక్కుదారుదే. అడగాలి, వాళ్లు ఒప్పుకోవాలి, వద్దంటే చేసేదేం లేదు. ఒప్పుకున్నా, చాలా ఒప్పందాల్లో కొత్త మాటల హక్కు కూడా వాళ్లకే రాసివ్వాలి. నేను పదకొండు రోజులు కూర్చుని రాసినా ఆ లైను నాది కాకపోవచ్చన్నమాట. కాలేజీలో విద్యార్థులు, టీచర్లు, తల్లిదండ్రుల మధ్య పాట పాడుకోవడం విషయంలో మన చట్టం కొంచెం ఉదారంగానే ఉంటుంది. రికార్డు చేసి నెట్‌లో పెట్టడం వేరే లెక్క. "అయితే పెట్టనులే" అని మూతి ముడుచుకుంది.

మళ్లీ మన లైనుకి వద్దాం. తెలుగుకి ఒక వరం ఉంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, సాగదీయడానికి ఎప్పుడూ ఒక అచ్చు సిద్ధంగా ఉంటుంది. ఒక శాపం కూడా ఉంది. అర్థంలో సగం క్రియకి తగిలించిన తోకలోనే ఉంటుంది, ఆ తోక పొడుగు. 'పట్టుకోవాలనుంది' ఒక్కటే ఏడు అక్షరాలు. తమిళం నుంచి వచ్చే డబ్బింగ్ పాటలు రాసేవాళ్లకి ఈ బాధ కొంత తక్కువ, చుట్టరికం ఉన్న భాష కాబట్టి. 1992 నాటి 'రోజా'లో 'చిన్న చిన్న ఆశై'ని రాజశ్రీ 'చిన్ని చిన్ని ఆశ' అన్నారు. ఆరుకి ఆరు అక్షరాలు, అర్థం అదే, తెర మీద పెదాలు కూడా కలుస్తాయి. వినడానికి ఏముంది అనిపిస్తుంది. అంత అలవోకగా అనిపించేలా రాయడమే ఆయన పనితనం. ఇంగ్లిష్‌తో మనకి ఆ చుట్టరికం లేదు.

కోరిక వదిలేసి ఫెల్గెన్ దారి పట్టాను. 'నీ చేయి ఇవ్వవా'. నీ - చే - యి - ఇవ్ - వ - వా. ఆరు! గురువులు, లఘువులు కూడా సరిపోయాయి. రెండు, నాలుగు, ఆరు గురువులు. మూడు, అయిదు లఘువులు. మొదటి 'నీ' ఒక్కటి బరువెక్కువ, కానీ జర్మన్‌లో 'కొమ్' కూడా అంతే కదా. చివర 'వా' దగ్గర నోరు బాగా తెరుచుకుంటుంది, పై స్థాయికి ఎగరడానికి అంతకంటే ఏం కావాలి. గర్వంగా పంపించాను.

పావుగంటలో ఫోన్. ఒకటే నవ్వు. "మావయ్యా, స్టేజీ మీద నిలబడి నాకు హ్యాండివ్వు అని నేనే అడుక్కుంటున్నట్టుంది!"

నా తలకి తట్టనే లేదు. చెయ్యిచ్చాడు, హ్యాండిచ్చింది అంటే ఆఖరి నిమిషంలో ముంచేయడమని తెలుగు పిల్లలెవరికైనా తెలుసు. హాలు నిండా కాలేజీ పిల్లలే, ఇంకేమైనా ఉందా. జర్మన్‌లో ముద్దుగా ఉన్న మాట మన దగ్గర ఈలలు వేయించుకునేది. పైగా పాడి చూస్తే ఇంకో లోపం బయటపడింది. 'చేయి ఇవ్వవా'లో రెండు ఇ-కారాలు పక్కపక్కనే పడి నోట్లో కలిసిపోతున్నాయి, ఆరు అక్షరాలు అయిదవుతున్నాయి. కాగితం మీద ఉన్న అక్షరం గొంతులో లేదు. 'ఇస్తావా' అని మారిస్తే మరీ ఘోరం. 'చేయిస్తావా' అని వినిపిస్తుంది, ఏదో ఆఫీసులో పని చేయించి పెట్టమన్నట్టు.

తర్వాత 'నీ చేయి అందించు' అన్నాను. 'చు' మీద గొంతు ఎగరదు, పెదాలు మూసుకుపోతాయి. ఇలా వారం గడిచాక దాన్ని పరిష్కరించింది మా అమ్మాయే, గిటార్ పక్కన పడేసి, అన్నం తింటూ: "నీ చేయి అందదా."

నీ - చే - యి - అం - ద - దా. ఆరు. బరువులు సరిగ్గా ఉన్నాయి. ఇ-కారం పక్కన అ-కారం, కాస్త జాగ్రత్తగా పాడితే కలిసిపోవు. హ్యాండివ్వడం గొడవ లేదు. ఇంగ్లిష్ అబ్బాయి పట్టుకోవాలనుంది అన్నాడు, జర్మన్ అబ్బాయి ఇవ్వమన్నాడు, మా తెలుగమ్మాయి అందుతుందో లేదో అని బెంగపడుతోంది. మూడూ ఒకే ట్యూన్ మీద ముగ్గురు వేరే మనుషులు.

యాన్యువల్ డే రోజు వెనక వరసలో కూర్చుని విన్నాను. చివరి అక్షరం దగ్గర గొంతు పైకెళ్లింది. 'అంద' మీంచి విడిపోయి 'దా' ఒక్కటే గాల్లో నిలబడింది, దా... అని. మా ఇంట్లో పిల్లల్ని దగ్గరికి పిలిచేటప్పుడు అనే 'దా'. ఫెల్గెన్ లైను మొదట్లో పెట్టిన 'కొమ్' మాకు తెలియకుండానే మా లైను చివర్లో వచ్చి కూర్చుంది.